ఒక్క తూటా... ఇద్దరు గవర్నర్లు

అమెరికాలో పదవిలో ఉండగా హంతకుడి చేతిలో ప్రాణం పోగొట్టుకున్న రాష్ట్ర గవర్నర్ ఇప్పటిదాకా ఒక్కరే. ఆయన ఆ పదవిలో ఉన్నది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ హోటల్ గదిలో మంచం మీదే. ప్రమాణం చేసే సమయానికే ఛాతీలోంచి తూటా దూసుకుపోయి ఉంది. ఇంతకన్నా విచిత్రం ఇంకోటుంది. ఓట్ల లెక్క ప్రకారం ఆయన ఆ ఎన్నికలో ఓడిపోయిన మనిషి. ఓడిపోయారని తేల్చిన బోర్డును చట్టం చేసి మరీ పుట్టించింది కూడా ఆయనే.

పేరు విలియమ్ గోబెల్. హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్‌తో ఏ చుట్టరికమూ లేదు, ఇద్దరివీ జర్మన్ మూలాలే అయినా. రాష్ట్రం కెంటకీ. పోలింగ్ జరిగింది 1899 నవంబర్ 7న. అమెరికాలో గవర్నర్ అంటే మన రాష్ట్రాల గవర్నర్ లాంటివారు కాదు. జనం నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు, అధికారం మన ముఖ్యమంత్రికి ఉన్నంత ఉంటుంది. అందుకే ఆ కుర్చీ కోసం తుపాకుల దాకా పోయింది వ్యవహారం.

రైలు కంపెనీతో వైరం

ఆ రోజుల్లో కెంటకీని ఏలిందెవరంటే, గవర్నర్ల పేర్ల కన్నా ముందు లూయీవిల్ అండ్ నాష్‌విల్ రైల్‌రోడ్ కంపెనీ పేరు చెప్పాలి. జనం ఎల్ అండ్ ఎన్ అనేవారు. పొగాకు, బొగ్గు, విస్కీ, పశువులు, ఏది బయటి ఊరికి పంపాలన్నా చాలాచోట్ల ఆ కంపెనీ పట్టాలే దిక్కు. పోటీ లేని ఊళ్లో కంపెనీ ఎంత చెబితే అంత కిరాయి. దగ్గరి ఊరికి ఎక్కువ, దూరపు ఊరికి తక్కువ వసూలు చేసిన సందర్భాలూ ఉన్నాయి. కంపెనీ అధ్యక్షుడు మిల్టన్ స్మిత్‌కు ప్రభుత్వం తన లెక్కల్లో వేలు పెట్టడం అస్సలు గిట్టేది కాదు. శాసనసభ్యులను మచ్చిక చేసుకునే పని బాసిల్ డ్యూక్‌ది. అంతర్యుద్ధంలో దక్షిణాది సేనలో జనరల్‌గా పనిచేసిన మనిషి. ఆ పాత కీర్తికి కెంటకీలో చాలా తలుపులు తెరుచుకునేవి.

గోబెల్ 1887లో కోవింగ్టన్ నుంచి రాష్ట్ర సెనేట్‌కు వచ్చారు. వచ్చీరాగానే ఎల్ అండ్ ఎన్ మీదే పడ్డారు. రైళ్ల మీద నిఘా ఉంచే రైల్‌రోడ్ కమిషన్‌ను రద్దు చేయించాలని కంపెనీ మనుషులు ప్రయత్నిస్తుంటే, ఆ పైరవీల మీద వేసిన విచారణ సంఘంలో ఆయన సభ్యుడు. తర్వాత 1890-91లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ కమిషన్‌ను ఏకంగా రాజ్యాంగంలోకే ఎక్కించారు. ఇక మామూలు చట్టంతో దాన్ని తీసెయ్యడం కుదరదు. కంపెనీ ఆయన్ని మర్చిపోలేదు.

ఇంతకీ మనిషి ఎలాంటివాడు? 1856లో పెన్సిల్వేనియాలో జర్మన్ వలస కుటుంబంలో పుట్టారు. తండ్రి అంతర్యుద్ధంలో ఉత్తరాది సైనికుడు. కెంటకీ డెమోక్రటిక్ పార్టీలో అప్పట్లో పెద్దరికమంతా దక్షిణాది మాజీ సైనికులది. వాళ్ల మధ్య ఈ ఉత్తరాది సిపాయి కొడుకు నెగ్గుకు రావడమే పెద్ద సంగతి. మాజీ గవర్నర్ జాన్ స్టీవెన్సన్ దగ్గర లా నేర్చుకున్నారు. జాన్ కార్లైల్ అనే జాతీయ స్థాయి నాయకుడితో కలిసి ప్రాక్టీస్ చేశారు. పెళ్లి చేసుకోలేదు. నలుగురిలో కలిసే రకం కాదు, గొప్ప వక్తా కాదు. కెంటకీలో రాజకీయమంటే ఉపన్యాసం, విందు, భుజం మీద చెయ్యి. ఈ మూడూ చేతకాని మనిషి కేవలం లెక్కలతో, పట్టుదలతో, శత్రువును వదలకపోవడంతో పైకి వచ్చారు.

బ్యాంకు మెట్ల మీద

1895 ఏప్రిల్ 11 నాటి సంగతి చెప్పకపోతే గోబెల్ అర్థం కారు. కోవింగ్టన్‌లో జాన్ శాండ్‌ఫర్డ్ అనే బ్యాంకరు ఉండేవారు, ఆయనా దక్షిణాది మాజీ సైనికాధికారే. ప్రైవేటు రోడ్ల మీద టోల్ వసూళ్లు ఎత్తెయ్యాలని గోబెల్ పోరాడటంతో ఇద్దరికీ చెడింది. రాష్ట్ర అత్యున్నత కోర్టులో గోబెల్ ఆశించిన జడ్జి పదవిని శాండ్‌ఫర్డ్ అడ్డుకున్నారు. దానికి బదులుగా గోబెల్ ఒక పత్రికలో రాసిన మాట ఇక్కడ అచ్చువేయలేం. శాండ్‌ఫర్డ్ పేరుకు ముందు ఒక సుఖవ్యాధి పేరు తగిలించారనుకోండి, చాలు.

బ్యాంకు మెట్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆ రాత నీదేనా అని శాండ్‌ఫర్డ్ అడిగారు. నాదేనన్నారు గోబెల్. రెండు తుపాకులు దాదాపు ఒకేసారి పేలాయి. శాండ్‌ఫర్డ్ తూటా గోబెల్ కోటును, ప్యాంటును చీల్చుకుపోయింది. గోబెల్ తూటా శాండ్‌ఫర్డ్ తలలో దిగింది. కొద్ది గంటల్లో ఆయన చనిపోయారు. ఎవరు ముందు కాల్చారో సాక్షులు తేల్చి చెప్పలేకపోయారు. ఆత్మరక్షణ కింద గోబెల్ బయటపడ్డారు.

అయితే కెంటకీలో ఒక పట్టింపు ఉంది. పదవి చేపట్టే ప్రతి ఒక్కరూ తాను మారణాయుధాలతో ద్వంద్వ యుద్ధం చెయ్యలేదని ప్రమాణం చెయ్యాలి. పందొమ్మిదో శతాబ్దం నడుమ పెట్టిన ఆ షరతు నేటికీ ప్రమాణంలో ఉంది. శాండ్‌ఫర్డ్‌తో జరిగింది ద్వంద్వ యుద్ధమేనని, గోబెల్ ఏ పదవికీ పనికిరారని ప్రత్యర్థులు అంటూనే వచ్చారు. చట్టం కంటికి అది ద్వంద్వ యుద్ధం కాలేదు. కెంటకీ పాత కుటుంబాల్లో మాత్రం శాండ్‌ఫర్డ్ మిత్రులెవరూ గోబెల్‌ను క్షమించలేదు.

తక్కెడ తన చేతిలో

1895 ఎన్నికలో కెంటకీకి మొదటిసారి రిపబ్లికన్ గవర్నర్ వచ్చారు, విలియమ్ బ్రాడ్లీ. డెమోక్రాట్లకు మింగుడుపడలేదు. ఎక్కడో లెక్క తప్పుతోందని గోబెల్ నమ్మారు. 1898లో తన పేరుతోనే ప్రసిద్ధమైన ఎన్నికల చట్టం తెచ్చారు. దాని ప్రకారం ముగ్గురు సభ్యుల రాష్ట్ర ఎన్నికల బోర్డును శాసనసభ ఎన్నుకుంటుంది. ఆ బోర్డు కౌంటీ బోర్డులను వేస్తుంది, కౌంటీ బోర్డులు పోలింగ్ అధికారులను వేస్తాయి. శాసనసభలో మెజారిటీ డెమోక్రాట్లది కాబట్టి, పై నుంచి కింది దాకా ఓట్లు లెక్కపెట్టే యంత్రాంగమంతా ఒకే పార్టీ చేతిలోకి వచ్చింది. బ్రాడ్లీ వీటో చేశారు. సభ వీటోను తోసిపుచ్చింది. రైలు కిరాయిలను కట్టడి చేసే మెక్‌కార్డ్ బిల్లును కూడా అదే ఏడాది బ్రాడ్లీ వీటో చేశారు. అది మాత్రం అక్కడితో ఆగిపోయింది.

డెమోక్రాట్లలోనే చాలామందికి ఈ ఎన్నికల చట్టం నచ్చలేదు. గవర్నర్ కుర్చీ కోసమే గోబెల్ ఈ నిచ్చెన కట్టుకుంటున్నారని వాళ్ల అనుమానం. అనుమానం తప్పు కాదని మరుసటి ఏడాదే తేలింది.

1899 జూన్‌లో లూయీవిల్ నగరంలోని మ్యూజిక్ హాల్‌లో డెమోక్రటిక్ పార్టీ మహాసభ జరిగింది. అభ్యర్థిత్వానికి ముగ్గురు పోటీ: వాట్ హార్డిన్, విలియమ్ స్టోన్, గోబెల్. హార్డిన్ వెనక ఎల్ అండ్ ఎన్ ఉంది. అందుకని గోబెల్, స్టోన్ లోపాయికారీగా ఒక ఒప్పందానికి వచ్చారు. సభాధ్యక్షుడు తమ మనిషి కావాలి, లూయీవిల్ ప్రతినిధులను పంచుకోవాలి, ఇద్దరిలో ఎవరు ముందు తప్పుకుంటే వాళ్లు రెండోవారికి మద్దతివ్వాలి. అధ్యక్షుడిగా జడ్జి రెడ్‌వైన్ వచ్చారు. ఆయన ప్రతి రూలింగూ గోబెల్ వైపే మొగ్గింది. స్టోన్‌కు తాను మోసపోయానని అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. హాల్లో పోలీసులు దిగారు. వాళ్లను చూసి ప్రతినిధులు బాకాలూదుతూ, పాటలు పాడుతూ, కుర్చీలెక్కి అరుస్తూ ఒక పూటంతా సభ జరగనివ్వలేదు. దాదాపు వారం గడిచాక, 26వ విడత ఓటింగ్‌లో గోబెల్ నెగ్గారు.

నెగ్గారు గానీ పార్టీ చీలింది. అసంతృప్తులు మాజీ గవర్నర్ జాన్ యంగ్ బ్రౌన్‌ను నిలబెట్టారు. తమ వర్గానికి ‘నిజాయతీ ఎన్నికల డెమోక్రాట్లు’ అని పేరు పెట్టుకున్నారు. ఎల్ అండ్ ఎన్ డబ్బు, రిపబ్లికన్ల బలం అటార్నీ జనరల్ విలియమ్ టేలర్ వెనక చేరాయి. మూడేళ్ల కింద అధ్యక్ష ఎన్నికలో ఓడిన విలియమ్ జెన్నింగ్స్ బ్రయాన్ స్వయంగా వచ్చి గోబెల్ తరఫున ఊరూరా తిరిగారు. అప్పట్లో బ్రయాన్ నోటికున్న శక్తి అంతా ఇంతా కాదు. గోబెల్‌కు లేనిదే అది.

పల్చటి కాగితాలు

ఫలితం వచ్చింది. టేలర్‌కు 1,93,714 ఓట్లు. గోబెల్‌కు 1,91,331. తేడా 2,383. బ్రౌన్‌కు పడ్డ 12,140 ఓట్లు చూస్తే గోబెల్ ఎక్కడ ఓడారో తెలుస్తుంది. ఆయన్ని ఓడించింది రిపబ్లికన్ల కన్నా మ్యూజిక్ హాల్.

డెమోక్రాట్లు వెంటనే తప్పులెన్నడం మొదలుపెట్టారు. దాదాపు 40 కౌంటీల్లో ఓటు కాగితం ఎంత పల్చగా ఉందంటే, వెనక నుంచి చూసినా ఎవరికి ఓటేశారో కనబడిపోతుందన్నది ఒక ఆరోపణ. రహస్య ఓటుకే అది భంగం. ఒక కౌంటీలో బ్యాలెట్ మీద ‘డబ్ల్యూ.ఎస్. టేలర్’ బదులు ‘డబ్ల్యూ.పి. టేలర్’ అని పడింది కాబట్టి ఆ ఓట్లు చెల్లవన్నది ఇంకోటి. పోలింగ్ రోజు బ్రాడ్లీ లూయీవిల్‌లో సైన్యాన్ని దించి ఓటర్లను బెదరగొట్టారన్నది మూడోది. పల్చటి కాగితం గోల నాకు కొంత అర్థమవుతుంది. ‘ఎస్’ బదులు ‘పి’ పడిందని ఓట్లు కొట్టెయ్యాలనడం మాత్రం లాయరు బుర్రకే తట్టే ఆలోచన.

ఇవన్నీ తేల్చాల్సింది గోబెల్ చట్టంతో పుట్టిన ముగ్గురు సభ్యుల బోర్డు. ముగ్గురూ డెమోక్రాట్లే, ముగ్గురూ గోబెల్‌కు కావలసినవారే అని అందరూ అనుకున్నారు. డిసెంబర్ 9న బోర్డు తీర్పు చెప్పింది. కౌంటీల నుంచి వచ్చిన లెక్కలు కూడటమే మా పని, వాటి వెనక్కి వెళ్లి విచారించే న్యాయాధికారం మాకు లేదు అని ప్రయర్, ఎల్లిస్ అనే ఇద్దరు సభ్యులు తేల్చేశారు. మూడో సభ్యుడు పాయింట్జ్ ఒప్పుకోలేదు. ఇద్దరికి ఒక్కరు అనే తేడాతో టేలర్ గెలిచారు. ఈ కథ మొత్తంలో నేను టోపీ తియ్యదలచుకున్న మనుషులు ఆ ఇద్దరే. తమను ఆ కుర్చీల్లో ఎందుకు కూర్చోబెట్టారో తెలిసి కూడా చట్టంలో ఉన్నదే చదివారు.

డిసెంబర్ 12న టేలర్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు. వ్యవహారం అక్కడితో ముగియాలి. గోబెల్ కొన్నాళ్లు ఊగిసలాడి, పార్టీ ఒత్తిడితో శాసనసభలో ఫిర్యాదు వేశారు. రాజ్యాంగం ప్రకారం గవర్నర్ ఎన్నిక వివాదాల్లో ఆఖరి మాట శాసనసభదే. విచారణకు 11 మంది సభ్యుల సంఘాన్ని చీట్లు తీసి ఎంపిక చేశారు. చీట్లలో ఎవరొచ్చారు? తొమ్మిది మంది డెమోక్రాట్లు, ఒక పాపులిస్టు పార్టీ సభ్యుడు, ఒకే ఒక్క రిపబ్లికన్. సభలో రిపబ్లికన్లు తక్కువే గానీ మరీ పదకొండో వంతు కాదు. చీట్లలోనే మోసం జరిగిందని వాళ్లు గగ్గోలు పెట్టారు. ఫలితం ఎలా రాబోతోందో రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రతివాడికీ తెలిసిపోయింది.

కొండల నుంచి దిగిన రైలు

1900 జనవరి 16న ఫ్రాంక్‌ఫర్ట్ క్యాపిటల్ హోటల్ లాబీలోనే తుపాకులు పేలి ముగ్గురు చనిపోయారు. ఒక మాజీ కాంగ్రెస్ సభ్యుడికి, మరో సైనికాధికారికి మధ్య పాత పగ అది, ఎన్నికతో సంబంధం లేదు. అయినా ఊళ్లో గాలి ఎలా ఉందో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. 25వ తేదీన తూర్పు కొండ ప్రాంతాల నుంచి వెయ్యి మంది దాకా ఆయుధాలతో రైల్లో దిగారు. కెంటకీ కొండలు రిపబ్లికన్ల కంచుకోట. వాళ్లను కూడగట్టింది రిపబ్లికన్ అయిన రాష్ట్ర ప్రభుత్వ కార్యదర్శి (సెక్రటరీ ఆఫ్ స్టేట్) కేలబ్ పవర్స్, మోసుకొచ్చింది ఎల్ అండ్ ఎన్. చాలామంది వెంటనే వెనక్కి వెళ్లారు, రెండు మూడొందల మంది ఉండిపోయారు.

జనవరి 30 ఉదయం పదకొండు దాటాక గోబెల్ శాసనసభ భవనం వైపు నడిచారు. వెంట ఇద్దరు: జైలు వార్డెన్ ఎఫ్ లిలార్డ్, కల్నల్ జాక్ చిన్. చిన్ గుర్రప్పందేల మనిషి, 1883 కెంటకీ డెర్బీ గెలిచిన లియోనాటస్ గుర్రానికి భాగస్వామి యజమాని. కత్తి వాడకంలోనూ పేరుంది. ఆయన పక్కనుంటే చాలని మిత్రుల ధీమా. పక్క భవనం వైపు నుంచి ఐదారు తూటాలు వచ్చాయి. ఆ భవనంలోనే కేలబ్ పవర్స్ ఆఫీసు. గోబెల్ కుప్పకూలారు. చిన్‌కు, లిలార్డ్‌కు ఏమీ కాలేదు. గోబెల్‌ను క్యాపిటల్ హోటల్‌కు మోసుకెళ్లారు.

టేలర్ రాష్ట్రంలో తిరుగుబాటు జరుగుతోందని ప్రకటించారు. సైన్యాన్ని పిలిచారు. శాసనసభ ఇకపై ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాదు, రిపబ్లికన్లు బలంగా ఉన్న లండన్ అనే చిన్న ఊళ్లో సమావేశం కావాలని ఉత్తర్వు వేశారు. రిపబ్లికన్ సభ్యులు లండన్ వెళ్లారు. డెమోక్రాట్లు కదల్లేదు. సభా భవనానికి పోతే సైనికులు అడ్డు, నాటక మందిరానికి పోతే అక్కడా సైనికులు, కోర్టు భవనానికి పోతే అక్కడా అదే. చివరికి హోటల్‌లోనే రహస్యంగా కూడారు. కావలసినన్ని టేలర్ ఓట్లు చెల్లవని తీర్మానించి, 31న గోబెల్‌ను విజేతగా ప్రకటించారు. మంచం మీదే ఆయన చేత ప్రమాణం చేయించారు. ఆ ప్రమాణంలో ద్వంద్వ యుద్ధం వాక్యం కూడా ఉంది. గవర్నర్‌గా ఆయన ఇచ్చిన మొదటి ఆజ్ఞల్లో ఒకటి: సైన్యం ఇళ్లకు వెళ్లిపోవాలి. ఎవరూ వెళ్లలేదు.

ఫిబ్రవరి 3 సాయంత్రం గోబెల్ చనిపోయారు. ధైర్యంగా ఉండండి, సామాన్యులకు నమ్మకంగా ఉండండి అని మిత్రులకు చెబుతూ కన్నుమూశారని పార్టీ పత్రికలు రాశాయి. అప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో విలేకరిగా ఉండి, తర్వాత హాస్య రచయితగా పేరు తెచ్చుకున్న ఇర్విన్ కాబ్ మాత్రం వేరే మాట చెప్పారు. ఇష్టపడి అడిగి తిన్న ఆయిస్టర్ బాగోలేదని డాక్టరుతో విసుక్కోవడమే ఆఖరి పలుకట. గోబెల్ స్వభావం చూస్తే నాకు రెండోదే నమ్మబుద్ధేస్తుంది.

కోర్టులు, కటకటాలు, కాంగ్రెస్

గోబెల్ పోయాక లెఫ్టినెంట్ గవర్నర్ బెక్‌హామ్ గవర్నర్ అయ్యారు. వయసు 30. అటు టేలరూ గవర్నరే. రెండు సైన్యాలు, రెండు ప్రభుత్వాలు. లూయీవిల్ గాల్ట్ హౌస్ హోటల్లో రెండు పార్టీల పెద్దలు కూర్చుని రాజీ పత్రం రాశారు. టేలర్ సంతకం పెట్టనన్నారు. అధ్యక్షుడు మెకిన్లీ జోక్యం చేసుకోలేదు. కేసు కోర్టుకెక్కింది. శాసనసభ తేల్చినదాన్ని మేం తిరగదోడలేం అని ఏప్రిల్‌లో రాష్ట్ర అత్యున్నత కోర్టు చెప్పింది. మే 21న అమెరికా సుప్రీంకోర్టూ తలదూర్చలేదు. ఒక్క న్యాయమూర్తే గట్టిగా విభేదించారు. ఆయన జాన్ మార్షల్ హార్లన్, కెంటకీ బిడ్డ. టేలర్ పక్కనున్న ఇండియానా రాష్ట్రానికి పారిపోయారు. కుట్రలో ఆయన పేరూ ఉండటంతో అప్పగించమని కెంటకీ అడిగింది. అక్కడి గవర్నర్ కుదరదన్నారు. 1928లో చనిపోయేదాకా టేలర్ ఇండియానాలోనే ఉండిపోయారు.

హత్య కేసులో 16 మందిపై అభియోగాలు పెట్టారు. విచారణ దాకా వచ్చినవారు ఐదుగురు, శిక్ష పడింది ముగ్గురికి: కేలబ్ పవర్స్, ఆడిటర్ ఆఫీసు గుమాస్తా హెన్రీ యూట్సీ, కొండ ప్రాంతపు కుటుంబ పగల్లో ఒకణ్ని చంపి క్షమాభిక్ష కోసం ఆ వేళకు ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి ఉన్న జేమ్స్ హోవర్డ్. దోషులను పట్టించడానికి శాసనసభ లక్ష డాలర్లు కేటాయించింది. ఆ డబ్బుతో సాక్ష్యాలు కొన్నారని పవర్స్ వాదన. పవర్స్‌కు నాలుగుసార్లు విచారణ జరిగింది. మూడుసార్లు దోషి అన్నారు, పైకోర్టు కొట్టేసింది. నాలుగోసారి జ్యూరీ ఎటూ తేల్చలేదు. 1908లో రిపబ్లికన్ గవర్నర్ విల్సన్ పవర్స్‌కూ, హోవర్డ్‌కూ క్షమాభిక్ష ఇచ్చారు. మరుసటి ఏడాది టేలర్‌కూ ఇచ్చారు. ఎనిమిదేళ్లు జైల్లో గడిపిన పవర్స్ 1910లో అమెరికా కాంగ్రెస్‌కు గెలిచి, అక్కడ కూడా సరిగ్గా ఎనిమిదేళ్లు గడిపారు. తుపాకీ ఎవరు పేల్చారన్నది ఈ రోజుకీ తేలలేదు.

ఈ తూటా ప్రతిధ్వని కెంటకీ దాటి కూడా పోయింది. ఆంబ్రోస్ బియర్స్ అనే రచయిత పత్రికాధిపతి హెర్స్ట్ పత్రికలో నాలుగు పాదాల పద్యం రాశారు, గోబెల్‌ను చంపిన తూటాకూ అధ్యక్షుడు మెకిన్లీకీ ముడిపెడుతూ. 1901 సెప్టెంబర్‌లో మెకిన్లీని నిజంగానే కాల్చి చంపారు. ఆ పద్యం హెర్స్ట్ మెడకు చుట్టుకుంది.

ఇక చట్టాల సంగతి. గోబెల్ చనిపోయిన ఐదు వారాలకు, 1900 మార్చి 10న, బ్రాడ్లీ ఆపేసిన మెక్‌కార్డ్ చట్టం అమల్లోకి వచ్చింది. రైలు కిరాయిలు అన్యాయంగా ఉంటే తగ్గించే అధికారం కమిషన్‌కు దక్కింది. ఆయన ఎన్నికల చట్టం మాత్రం ఏడాది తిరగకుండా ఆయన పార్టీ చేతుల్లోనే మారిపోయింది. బెక్‌హామ్ ప్రత్యేక సమావేశం పిలిచి బోర్డుల్లో రెండు పార్టీలకూ చోటిచ్చేలా సవరించారు. రైలు కంపెనీ విషయంలో గోబెల్ ఒప్పు. తక్కెడ తన చేతిలో ఉంటే న్యాయం జరుగుతుందనుకోవడంలో తప్పు. టేలర్‌కు వచ్చిన 2,383 ఓట్ల ఆధిక్యం నిజమా కాదా అన్నది మాత్రం ఏ కోర్టూ విచారించలేదు. ఆ బ్యాలెట్లను మళ్లీ లెక్కపెట్టమని ఎవరూ ఆదేశించలేదు.